ఒర ధారణ – వాదర రక్షణ: జపాను ఖడ్గ చరిత్రపై ఒక పరిశీలన

ఖడ్గాన్ని గురించిన చర్చలో ఉక్కు, ఆకృతి, యుద్ధతంత్రం ముందుకు వస్తాయి. ఒర అలంకారంగానే మిగిలిపోతుంది. అయితే ఖడ్గం తన జీవితకాలంలో అధికభాగం గడిపేది ఒరలోనే. వాదర దేనితో ఒరపిడి పొందుతుందన్నది ఒరను ధరించే తీరుపై ఆధారపడుతుంది. జపాను ఖడ్గచరిత్ర ఇందుకు చక్కని నిదర్శనం.

కామకుర యుగంలో (1185–1333) అశ్వికయోధుల ప్రధాన ఖడ్గం తాచి. దీనిని నడుమునుంచి, వాదర నేలవైపు ఉండేలా వేలాడదీసేవారు. మురొమాచి యుగంలో (1336–1573) వ్యాప్తి చెందిన ఉచిగతనను, దాని తరువాతి రూపమైన కటానాను నడికట్టులో వాదర పైకి ఉండేలా దోపుకొన్నారు. పదాతి యుద్ధం పెరగడం, ఒకే ఊపులో దూసి వేటు వేయగల సౌలభ్యం ఈ మార్పుకు కారణాలుగా సాధారణంగా పేర్కొంటారు.

ఈ మార్పు వాదరనూ ప్రభావితం చేసింది. తాచిని దూసేటప్పుడు వాదర ఒర అడుగు గోడవైపు ఉంటుంది. చేయి తడబడితే అది కొయ్యను కోస్తుంది. కటానా విషయంలో ఆ ఒరపిడిని మొద్దుగా ఉన్న వెన్ను భరిస్తుంది. అయితే ఖడ్గం కదలక ఉన్నప్పుడు ఈ భేదం స్వల్పమే. అలుగు మొదట తొడిగే హబాకి అనే లోహపు పట్టు ఒర మూతిలో బిగిసి, అలుగును గోడలకు తగలకుండా నిలుపుతుంది. ఒర మూతి అరిగి ఆ బిగువు సడలినప్పుడే ధారణ రీతి నిరంతర ప్రభావం చూపుతుంది. ఒరకు హోనోకి అనే మెత్తని కొయ్యను వాడి, రెండు చెక్కలను అన్నపు జిగురుతో అతకడంలోనూ ఇదే వివేకం కనిపిస్తుంది: అరిగితే కొయ్య అరగాలి, ఉక్కు కాదు, అవసరమైతే అతుకు విప్పి లోపల శుభ్రం చేయవచ్చు.

కనుక వాదర రక్షణ కోసమే ధారణ మారిందనడం తొందరపాటు. హబాకి ఆ సమస్యను అప్పటికే చాలావరకు పరిష్కరించింది. వాదరకు కలిగిన మేలును మార్పుకు కారణంగా కాక, ఫలితంగా గ్రహించడం సమంజసం.

సాక్ష్యాన్ని వినియోగించడంలోనూ జాగ్రత్త అవసరం. ధరించినప్పుడు బయటికి కనబడే పార్శ్వంలో, పిడిలో ఇమిడే భాగంపై, కమ్మరి తన పేరు చెక్కడం ఆచారం. అందువల్ల తాచి, కటానాల సంతకాలు సాధారణంగా పరస్పర వ్యతిరేక పార్శ్వాల్లో ఉంటాయి. కాని అనేక తాచీలను తరువాతి కాలంలో కురచచేసి కటానాలుగా ధరించారు. సంతకం తొలి ఉద్దేశాన్నే తెలుపుతుంది. తరువాతి ధారణను కాదు. పైగా ప్రతి సానపట్టుతోనూ వాదరపై పాత గుర్తులు చెరిగిపోతాయి. ఒక ఖడ్గపు వాదర స్థితిని ఒకే ధారణ రీతికి ఆపాదించే ముందు అలుగు, సంతకం, ఒర – ఈ మూడింటినీ కలిపి చదవాలి.