డ్యూయల్ బూట్ పుట్టుపూర్వోత్తరాలు

ఒకే కంప్యూటర్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లను విడివిడి భాగాల్లో నిలిపి, యంత్రాన్ని ఆన్ చేసిన ప్రతిసారీ వాటిలో ఒకదాన్ని ఎంచుకునే ఏర్పాటును డ్యూయల్ బూట్ అంటారు. విండోస్ పక్కన లినక్స్‌ను నిలుపుకోవడం దీనిలో ఎక్కువగా కనిపించే రూపం. నెలల తరబడి సజావుగా సాగిన ఈ ఏర్పాటులో, రెండింటిలో ఏదో ఒకటి అప్‌గ్రేడ్ కాగానే రెండోది కనిపించకుండా పోవడం వాడుకరులకు చిరపరిచితమే. అలా మాయమైన సిస్టమ్ ఫైళ్లు చాలా సందర్భాల్లో డిస్కుపై ఎక్కడివక్కడే ఉంటాయి, తెగేది వాటి దగ్గరకు చేర్చే దారి మాత్రమే. ఆ దారి అంత తేలిగ్గా ఎందుకు తెగుతుందో తెలియాలంటే 1983 నాటి ఒక నిర్మాణాన్ని పరిశీలించాలి.

ఆ ఏడాది మార్చిలో ఐబీఎం సంస్థ 10 మెగాబైట్ల హార్డ్ డిస్కు గల పీసీ ఎక్స్‌టీని, దానితోపాటు పీసీ డాస్ 2.0 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను విడుదల చేసింది. డిస్కును పార్టిషన్‌లనే భాగాలుగా విడదీసే పద్ధతి ఐబీఎం పీసీలకు అప్పుడే వచ్చింది. ఆ భాగాల వివరాలను డిస్కు తొలి సెక్టార్‌లో, అంటే 512 బైట్లు పట్టే చోటులో, రాసి ఉంచారు. మాస్టర్ బూట్ రికార్డ్ అనే ఈ సెక్టార్‌లో 446 బైట్లు ప్రారంభ కోడ్‌కు, 64 బైట్లు నాలుగు పార్టిషన్‌ల పట్టికకు, చివరి 2 బైట్లు గుర్తింపు సంకేతానికి దక్కాయి. మదర్‌బోర్డుపై చిప్‌లో ఉండే బయోస్ అనే ప్రోగ్రామ్ యంత్రం మేల్కోగానే ఈ సెక్టార్‌ను మెమరీలోకి తెచ్చి, అందులోని కోడ్‌కు పగ్గాలు అప్పగిస్తుంది. పట్టికలో నాలుగు పద్దులు ఉండడం వల్ల ఒకే డిస్కుపై వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌లు కాపురం చేయగలిగాయి గాని, నాలుగు వాటాల ఇంటికి ఒకే గుమ్మం పెట్టినట్టు ప్రారంభ కోడ్‌కు మాత్రం ఒక్క చోటే మిగిలింది. ఆ చోటు ఎవరి అధీనంలో ఉండాలో, తర్వాత వచ్చినవారు అక్కడ రాసే ముందు ఎవరిని అడగాలో చెప్పే నియమం ఏదీ లేదు. నేటికీ డ్యూయల్ బూట్‌ను వెంటాడుతున్న చిక్కులకు మూలం ఈ లోటేనని చెప్పవచ్చు.

నియమం లేకపోయినా మర్యాద పాటించినవారు లేకపోలేదు. 1992లో వచ్చిన ఓఎస్/2 2.0 అనే ఆపరేటింగ్ సిస్టమ్ తన బూట్ మేనేజర్‌ను ప్రత్యేకంగా ఒక చిన్న పార్టిషన్‌లో ఉంచుకుంది. 1993 నాటి విండోస్ ఎన్‌టీ 3.1, డాస్ ఉన్న యంత్రంలోకి ప్రవేశించినప్పుడు దాని బూట్ సెక్టార్‌ను, అంటే ఆ పార్టిషన్ తొలి సెక్టార్‌ను, ఒక ఫైలుగా భద్రపరిచి, తన మెనూలో డాస్‌కూ ఒక వరుస కేటాయించింది. విండోస్ 95 మాత్రం ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు మాస్టర్ బూట్ రికార్డ్‌ను ఎవరినీ అడగకుండా తిరగరాసేది. ముందు విండోస్, తర్వాతే లినక్స్ ఎక్కించాలన్న నియమం ఇలాంటి అనుభవాలతోనే స్థిరపడింది.

లినక్స్ వైపు తొలి దశలో ఈ బాధ్యత వహించింది వెర్నర్ ఆల్మ్స్‌బెర్గర్ రూపొందించిన లిలో అనే బూట్ లోడర్. బూట్ లోడర్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నెల్‌ను డిస్కు నుంచి మెమరీలోకి ఎక్కించే చిన్న ప్రోగ్రామ్. లిలోకు ఫైళ్ల పేర్లు చదవడం రాదు, కెర్నెల్ డిస్కుపై ఏయే బ్లాకుల్లో ఉందో ముందుగానే ఒక పట్టికలో రాసుకుని, ఆ చిరునామాలనే నమ్ముకుంటుంది. అందువల్ల కెర్నెల్ అప్‌గ్రేడ్ అయ్యాక లిలో ఆదేశాన్ని మళ్లీ నడపడం మరిచిపోతే, యంత్రం పాత చిరునామాలకు వెళ్లి ఆగిపోయేది. ఒక్కో దశ పూర్తయినప్పుడు తన పేరులోని ఒక్కో అక్షరాన్ని తెరపై చూపే పద్ధతి దీనికి ఉండేది కనుక, ఏ అక్షరం దగ్గర ఆగిందో చూసి లోపం ఏ దశలో ఉందో పోల్చుకోగలిగేవారు. అంత ఇరుకు చోటులో అంతకంటే మేలైన దోషసూచిక దొరకదు.

1995లో ఎరిక్ బోలిన్ గ్నూ హర్డ్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను బూట్ చేసే ప్రయత్నంలో మొదలుపెట్టిన గ్రబ్ ఈ పరిమితిని దాటింది. ఫైల్ సిస్టమ్‌లను స్వయంగా చదవగల శక్తి దానికి ఉండడంతో, కెర్నెల్ ఎక్కడికి జరిగినా పేరుతో వెతికి పట్టుకునేది. 1999లో గోర్డాన్ మాట్జిగ్‌కైట్, యోషినోరి ఒకుజి దాన్ని అధికారిక గ్నూ ప్యాకేజీగా తీర్చారు. ఆ తర్వాత ఒకుజి చేపట్టిన ప్యూపా అనే పరిశోధన నుంచి నేటి గ్రబ్ 2 పుట్టింది. అయితే గ్రబ్ 446 బైట్లలో ఇమిడేది కాదు, తొలి సెక్టార్‌కూ మొదటి పార్టిషన్‌కూ మధ్య ఖాళీగా ఉండే సెక్టార్లలో మిగతా భాగాన్ని దాచుకునేది. విండోస్‌పై నడిచే కొన్ని వాణిజ్య సాఫ్ట్‌వేర్‌లు తమ లైసెన్స్ గుర్తులను అదే ఖాళీలో రాయడంతో గ్రబ్ చెడిపోయిన సందర్భాలున్నాయి. దానికి విరుగుడుగా, చెడిన బైట్లను తిరిగి లెక్కగట్టగల రీడ్-సాలమన్ దోషనివారణ కోడ్‌ను గ్రబ్ 2లో చేర్చవలసి వచ్చింది.

బయోస్ వంటి మదర్‌బోర్డు ప్రోగ్రామ్‌ను ఫర్మ్‌వేర్ అంటారు. బయోస్ స్థానంలో ఇంటెల్ తన ఇటానియం యంత్రాల కోసం ఆరంభించిన ఫర్మ్‌వేర్ పద్ధతి ఈఎఫ్ఐ, 2005 నుంచి యూఈఎఫ్ఐగా ఉమ్మడి ప్రమాణమైంది. ఇందులో ఫ్యాట్ ఫార్మాట్ గల ఒక సిస్టమ్ పార్టిషన్ ఉంటుంది. ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్ తన లోడర్‌ను అందులో తన సొంత ఫోల్డర్‌లో ఉంచుకోగా, ఏది ముందు మొదలవాలో చెప్పే వరుసక్రమం మదర్‌బోర్డు మెమరీలో నిలుస్తుంది. సిద్ధాంతరీత్యా పాత తగవు ఇక్కడితో తీరాలి గాని, వరుసక్రమం మాత్రం ఇప్పటికీ ఉమ్మడి ఆస్తే. విండోస్ పెద్ద అప్‌గ్రేడ్ తర్వాత తన లోడర్‌ను వరుసలో మొదట నిలపడం కద్దు. అటువంటప్పుడు లినక్స్ పోయిందని భావించి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం అనవసర శ్రమ, ఫర్మ్‌వేర్ సెట్టింగుల్లో క్రమాన్ని సరిచేస్తే చాలు.

ఇందుకు విరుద్ధంగా, లినక్స్ అప్‌గ్రేడ్ వల్ల విండోస్ మరుగైన ఉదంతమూ ఉంది. పక్క పార్టిషన్‌లలోని ఇతర సిస్టమ్‌లను వెతికి మెనూలో చేర్చే ఓఎస్-ప్రోబర్ అనే సాధనాన్ని, 2021లో వచ్చిన గ్రబ్ 2.06 అప్రమేయంగా నిలిపివేసింది. అపరిచిత పార్టిషన్‌లను పూర్తి అధికారాలతో తెరచి చదవడం భద్రతకు ముప్పన్న కారణం సమంజసమే అయినా, ఆ మార్పును ప్రకటించే హెచ్చరిక మెనూ నిర్మాణ సమయంలో పారే సందేశాల నడుమ కలిసిపోవడం వాడుకరికి న్యాయం చేసినట్టు కాదు. గ్రబ్ సెట్టింగుల ఫైల్‌లో ఆ నిషేధాన్ని తొలగించి మెనూను తిరిగి నిర్మిస్తే విండోస్ యథాస్థానానికి వస్తుంది.

2012లో విండోస్ 8తో సెక్యూర్ బూట్ వ్యాప్తిలోకి వచ్చాక సమస్య స్వరూపమే మారింది. ఫర్మ్‌వేర్ విశ్వసించే సంతకం లేని లోడర్‌ను నడవనివ్వకపోవడం ఈ పద్ధతి సారాంశం. లినక్స్ పంపిణీలు మైక్రోసాఫ్ట్ సంతకం పొందిన షిమ్ అనే చిన్న లోడర్‌ను ముందు నిలిపి, దాని ద్వారా గ్రబ్‌ను పిలిచే మార్గం ఎంచుకున్నాయి. 2020లో గ్రబ్‌లో బయటపడిన బూట్‌హోల్ అనే లోపం తర్వాత, బలహీనమైన పాత లోడర్లను తరాల సంఖ్య ఆధారంగా తిరస్కరించే ఎస్‌బాట్ అనే ఏర్పాటు వచ్చింది. 2024 ఆగస్టు నాటి విండోస్ అప్‌డేట్ ఈ ఎస్‌బాట్ నిబంధనను యంత్రాలకు చేర్చింది. డ్యూయల్ బూట్ ఉన్నచోట దీన్ని వర్తింపజేయబోమని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పినా, కొన్ని యంత్రాల్లో లినక్స్ ఉన్న సంగతిని ఆ అప్‌డేట్ పసిగట్టలేకపోయింది. ఫలితంగా, పాత షిమ్ ఉన్న లినక్స్‌లు భద్రతా విధాన ఉల్లంఘన అన్న సందేశంతో ఆగిపోయాయి. సెక్యూర్ బూట్‌ను తాత్కాలికంగా ఆపి, లినక్స్‌లోకి ప్రవేశించి, మోక్‌యుటిల్ అనే సాధనంతో ఆ నిబంధనను తొలగించడం అప్పటి విరుగుడు. 2025 మేలో గాని మైక్రోసాఫ్ట్ దీన్ని అప్‌డేట్‌ల ద్వారా సరిచేయలేదు.

దారి తెగకపోయినా ఎదురయ్యే చిక్కులు మరికొన్ని ఉన్నాయి. ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం వల్ల విండోస్ పూర్తిగా మూతపడక, దాని పార్టిషన్‌లో లినక్స్ రాయలేకపోవచ్చు. యంత్ర గడియారాన్ని లినక్స్ సార్వత్రిక కాలంగా, విండోస్ స్థానిక కాలంగా చదువుతాయి కనుక, భారతదేశంలో విండోస్ 5 గంటల 30 నిమిషాలు వెనుకబడి కనిపించడం మామూలు. బిట్‌లాకర్ గుప్తీకరణ ఉన్న డిస్కు, ప్రారంభ క్రమంలో మార్పు గమనించగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అప్‌గ్రేడ్‌కు ముందు ఆ కీని, లినక్స్ ఉన్న ఒక యూఎస్‌బీని విడిగా సిద్ధం చేసుకోవడం తప్పనిసరి. వీలైతే రెండు సిస్టమ్‌లను రెండు వేర్వేరు డిస్కులపై, వేర్వేరు సిస్టమ్ పార్టిషన్‌లతో నిలపడం మరింత మేలు.

షిమ్‌పై సంతకానికి ఆధారమైన 2011 నాటి మైక్రోసాఫ్ట్ ధ్రువపత్రం గడువు 2026 జూన్ వరకే. ఇదివరకే సంతకమైన షిమ్‌లు అంతటితో ఆగిపోవు. అయితే కొత్త షిమ్‌లు 2023 నాటి ధ్రువపత్రంతో వస్తాయి కనుక, దాన్ని ముందుగా ఫర్మ్‌వేర్‌లో చేర్చుకోని పాత యంత్రాలు లినక్స్ అప్‌గ్రేడ్ తర్వాత ఆ షిమ్‌ను గుర్తించలేవు.