మురికినీటి రోజు: ఇంగ్లండులో ఈత క్లబ్బుల పుట్టుక

ఈత ఎంత పాత విద్యో, ఈత పోటీ అంత కొత్తది. ఏటి ఒడ్డునో చెరువు గట్టునో పుట్టి పెరిగినవారికి ఈత రావడం ఏ దేశంలోనైనా సహజమే. తెలుగు పల్లెల్లో నడుముకు ఎండు సొరకాయ బుర్రో బెండ్లో కట్టి పిల్లలను దిగుడుబావిలోకి దింపి ఈత నేర్పిన కాలం మరీ దూరపుదేమీ కాదు. అయితే ఆ బుర్ర విప్పేసి బావి ఈ దరినుంచి ఆ దరికి ఈదిన పిల్లవాడికి ఆపైన ఎక్కవలసిన మెట్టు అంటూ ఉండేది కాదు. చేర్చుకోవడానికి ఒక క్లబ్బు, వేగాన్ని కొలవడానికి ఒక గడియారం, గెలిచినవాణ్ని జిల్లా పోటీకీ అక్కడినుంచి దేశ పోటీకీ పంపడానికి ఒక నియమావళి, ఈ మూడూ ఒకచోట అమరింది పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో. ఆ అమరికకు పునాది పడడంలో క్రీడాభిమానం కంటె కలరా భయానికే ఎక్కువ పాలు ఉందన్నది ఈ చరిత్రలో గమనించదగిన సంగతి.

క్లబ్బులకంటె ముందు పందేలు ఉన్నాయి. 1837లో లండన్‌లో జాన్ స్ట్రాకన్ అనే వ్యక్తి ఆధ్వర్యాన నేషనల్ స్విమ్మింగ్ సొసైటీ ఏర్పడి, హైడ్ పార్కులోని సర్పెంటైన్ చెరువులో పతకాల కోసం పందేలు నడిపింది. ఆ కాలపు ఆంగ్లేయుల దృష్టిలో ఈత అంటే బ్రెస్ట్‌స్ట్రోక్, అంటే రొమ్ము నీటికి ఆనించి కప్పలా చేతులూ కాళ్ళూ ఒక్కసారి ముడిచి చాచే పద్ధతి. 1844లో ఉత్తర అమెరికా ఆదివాసులు ఇద్దరిని రప్పించి హోల్బర్న్ స్నానశాలలో పందెం పెట్టినప్పుడు, వారు చేతులను గాలిమర రెక్కల్లా తిప్పుతూ నీటిని బాది అతివేగంగా అవతలి గోడను చేరుకున్నారు. చూసినవారికి ఆ వేగం కంటె చిమ్మిన నీరే ఎక్కువగా కనిపించింది కాబోలు, అది ఐరోపా మర్యాదకు తగిన ఈత కాదని పత్రికలు తేల్చేశాయి. మర్యాద అనే ఆ ఒక్క మాట మూలంగా ఇంగ్లండు వేగవంతమైన ఈతను అందుకోవడానికి దాదాపు అరవై ఏళ్ళు ఆలస్యమైంది.

చెరువులూ నదులూ ఋతువును బట్టి, వరదను బట్టి మారిపోతాయి కనుక అక్కడ ఈదిన కాలానికి కొలత నిలవదు. నాలుగు గోడల మధ్య, నిర్ణీతమైన పొడవులో నీరు నిలిచినప్పుడే ఒకనాటి ఈతను మరొకనాటి ఈతతో పోల్చడం కుదురుతుంది. ఆ గోడలు కట్టించింది ప్రజారోగ్య ఉద్యమం. 1832లో లివర్‌పూల్‌లో కలరా చెలరేగినప్పుడు కిటీ విల్కిన్సన్ అనే కార్మిక స్త్రీ తన ఇంట ఉన్న నీళ్ళు కాచే బాయిలరును ఇరుగుపొరుగువారి బట్టలు ఉతకడానికి తెరిచి ఉంచింది. ఆ ఆలోచనే పెరిగి 1842లో ఆ నగరపు ఫ్రెడరిక్ స్ట్రీట్‌లో ప్రజా స్నానశాలగా, ఉతుకుశాలగా రూపుదాల్చింది. ఇళ్ళలో నీటి వసతి లేని పేదలకు ఒళ్ళూ బట్టలూ శుభ్రం చేసుకునే చోటు కల్పించేందుకు, పురపాలక సంస్థలూ పారిష్‌లూ, అంటే చర్చి పరిధిని బట్టి ఏర్పడిన స్థానిక పాలనా విభాగాలు, అప్పు తెచ్చి స్నానశాలలు కట్టుకోవచ్చునని 1846లో పార్లమెంటు చట్టం చేసింది. చన్నీటి స్నానానికి ఒక పెన్నీ, వేన్నీటి స్నానానికి రెండు పెన్నీలకు మించి కార్మికుల దగ్గర తీసుకోరాదని ఆ చట్టమే నిర్దేశించింది. ఆనాటి పెన్నీ అంటే షిల్లింగులో పన్నెండో వంతు నాణెం. కప్పు వేసిన ఈత కొలనులు కట్టడానికీ, చలికాలంలో వాటిని మూసి వ్యాయామశాలలుగా వాడుకోవడానికీ 1878 నాటి సవరణ స్పష్టంగా వీలు కల్పించింది.

ఈ స్నానశాలల్లో వర్గభేదం నీటిదాకా వెళ్ళింది. మొదటి తరగతికి ఒక కొలను, రెండో తరగతికి మరొకటి, వేర్వేరు ద్వారాలు, వేర్వేరు రుసుములు. నీటిని నిరంతరం వడగట్టి శుద్ధిచేసే యంత్రాలు ఇరవయ్యో శతాబ్దంలో గాని వాడుకలోకి రాలేదు కనుక కొలనును వారానికి ఒకటి రెండుసార్లు ఖాళీచేసి మళ్ళీ నింపేవారు. కొత్తనీరు పట్టిన రోజున రుసుము ఎక్కువ. రోజులు గడిచి నీరు చిక్కబడే కొద్దీ రుసుము తగ్గుతూ వచ్చి, ఖాళీచేసే ముందు రోజుకు అన్నిటికంటె చవక అయ్యేది. దాన్ని జనం మురికినీటి రోజు అని పిలుచుకున్నారు. పేద ఇంటి పిల్లల ఈత చదువు ఎక్కువగా ఆ రోజుల్లోనే సాగింది.

1860లో బ్రైటన్‌లో, 1864లో సర్పెంటైన్ ఒడ్డున పుట్టిన తొలినాటి క్లబ్బులు ఆరుబయటి నీటిని నమ్ముకున్నవి. ఆ తర్వాత వెలసిన వందలాది క్లబ్బులకు మాత్రం వారానికి ఒక సాయంత్రం అద్దెకు తీసుకున్న స్నానశాలే ఇల్లయింది. అక్కడ నేర్పేవారిని ‘ప్రొఫెసర్’ అని పిలిచేవారు. విశ్వవిద్యాలయంతో సంబంధం లేని ఈ బిరుదును ఎవరికి వారే తగిలించుకునేవారు. కొత్తగా చేరినవాడి నడుముకు పట్టీ వేసి, దానికి కట్టిన తాడును గడ కొసన పట్టుకుని గట్టుమీద నడుస్తూ నేర్పడం వారి పద్ధతి. సొరకాయ బుర్రకు బదులు మనిషి చేతిలో గడ ఉండడమే తేడా; మునిగిపోనివ్వకుండా ఒకరు పట్టుకుని ఉన్నారన్న ధీమా రెండుచోట్లా ఒక్కటే.

ఈదడం వచ్చినవాణ్ని పోటీకి మళ్ళించింది హ్యాండికాప్ అనే ఏర్పాటు. ప్రతి సభ్యుడూ అంతకుముందు ఈదిన కాలాన్ని పుస్తకంలో రాసిపెట్టి, దాని ఆధారంగా నెమ్మదిగా ఈదేవాణ్ని కొన్ని సెకన్లు ముందుగా దూకనిచ్చి, అందరికంటె వేగగాణ్ని చివర వదిలే పందెం ఇది. లెక్క సరిగా కుదిరితే అందరూ ఇంచుమించు ఒకేసారి గోడను తాకాలి. ఈ పద్ధతిలో నిన్న చేరినవాడు కూడా ఛాంపియన్‌ను ఓడించగలడు. ఓడించిన మరుక్షణం అతనికిచ్చే వెసులుబాటు తగ్గుతుంది గనుక, మళ్ళీ గెలవాలంటే తన కాలాన్ని తానే మెరుగుపరచుకోక తప్పదు. పక్కవాడికి బదులు తన పాత కొలతే తనకు ప్రత్యర్థి కావడం ఆధునిక ఈత శిక్షణకు ప్రాణం వంటిది, అది పుట్టింది ఈ హ్యాండికాప్ పుస్తకాల్లోనే అనడం అతిశయోక్తి కాదు. ఏడాదికోసారి జరిగే ‘గాలా’ అనే ఉత్సవంలో ఈ పందేలతో పాటు అడుగునుంచి పళ్ళేలు ఏరి తేవడం, బట్టలతో ఈదడం వంటి వినోదాలూ ఉండేవి. ప్రేక్షకులు చాలామంది వచ్చింది వీటికోసమే.

1869 జనవరిలో లండన్ క్లబ్బుల ప్రతినిధులు జర్మన్ జిమ్నేషియం అనే వ్యాయామశాలలో సమావేశమై ఒక సమాఖ్యను స్థాపించారు. పలుమార్లు పేర్లు మార్చుకున్న ఆ సంస్థే 1886లో అమెచ్యూర్ స్విమ్మింగ్ అసోసియేషన్‌గా స్థిరపడింది. అమెచ్యూర్ అంటే ఆటను జీవనోపాధి చేసుకోనివాడు. డబ్బు కోసం, పందెపు సొమ్ము కోసం ఈదినవాడూ, ఈత విద్యను ఏ విధంగానైనా ఆదాయ మార్గం చేసుకున్నవాడూ అమెచ్యూర్ పోటీలకు అనర్హుడని నియమం. పడవ పందేల సంఘం కూలిపని, చేతిపని చేసుకునేవారినే బహిష్కరించిన కాలంలో ఈత సంఘం మనిషి వృత్తిని కాక సొమ్మును మాత్రమే చూడడం కొంత ఉదారమనే చెప్పాలి. కానీ ఆ ఉదారతకు ఒక హద్దు ఉంది. మిల్లు కార్మికుడు పోటీకి దిగవచ్చు. తన ఈతతో మిల్లునుంచి బయటపడడం మాత్రం కుదరదు. గెలిచినవాడికి పతకమో కప్పో గడియారమో ఇవ్వవచ్చు గాని కాసు ఇవ్వరాదు. ఈ నియమం ఎంత కఠినంగా ఉండాలన్న తగవుతోనే 1884లో కొన్ని క్లబ్బులు చీలిపోయి, రెండేళ్ళకు మళ్ళీ కలిశాయి. ఆపైన ప్రాంతీయ సంఘాలు వెలిసి, క్లబ్బు, ప్రాంతం, దేశం అనే మూడంతస్తుల నిచ్చెన పూర్తయింది.

ఆ నిచ్చెనకు బయట నిలిచినవారిలో ఆనాటి అందరికంటె ప్రసిద్ధుడైన ఈతగాడు ఉన్నాడు. 1875 ఆగస్టు 24, 25 తేదీలలో మాథ్యూ వెబ్ ఇంగ్లీష్ ఛానల్‌ను 21 గంటల 45 నిమిషాల్లో, అదీ బ్రెస్ట్‌స్ట్రోక్‌తోనే దాటి క్లబ్బుల్లో చేరేవారి సంఖ్యను పెంచాడు; తాను మాత్రం ప్రదర్శనల సంపాదనతో బతుకుతూ 1883లో నయాగరా సుడుల్లో దూకి ప్రాణం విడిచాడు. వెబ్ విజయం తర్వాత వారం రోజులకే పద్నాలుగేళ్ళ ఆగ్నెస్ బెక్విత్ లండన్ బ్రిడ్జి నుంచి గ్రినిచ్ దాకా థేమ్స్‌లో ఈదింది. ఆమె తండ్రి లాంబెత్ స్నానశాలలోని ప్రొఫెసర్ గనుక ఆమెదీ ప్రదర్శకుల బాటే. స్త్రీల కోసం జాతీయ పోటీ 1901లో గాని మొదలు కాలేదు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో రిలే స్వర్ణం గెలిచిన నలుగురిలో లెస్టర్‌కు చెందిన జెన్నీ ఫ్లెచర్ వారానికి ఆరు రోజులు, రోజుకు పన్నెండు గంటలు ఫ్యాక్టరీలో పనిచేసి, ఆ తర్వాతే కొలనుకు వెళ్ళేది.

వేగం విషయంలో మర్యాద పట్టింపు మెల్లగా సడలింది. దక్షిణ అమెరికాలో చూసి నేర్చిన పద్ధతిలో, రెండు చేతులనూ ఒకదాని తర్వాత ఒకటి నీటిపైనుంచి విసురుతూ జాన్ ట్రడ్జన్ 1873లో లాంబెత్‌లో 160 గజాల పందెం గెలిచాడు. ఆ పద్ధతికి కాళ్ళను పైకీ కిందికీ ఆడించే తన్ను తోడై క్రాల్ అయింది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన డిక్ కావిల్ 1902లో దానితో వంద గజాలను నిమిషం లోపు ఈదాడు. 1844 నాటి గాలిమర రెక్కలు అలా వెనక్కి వచ్చాయి.

1908లో లండన్ ఒలింపిక్స్ కోసం వైట్ సిటీ స్టేడియం నడిమధ్య వంద మీటర్ల కొలను తవ్వారు. అంతకుముందు ఏథెన్స్‌లో సముద్రంలోనూ, పారిస్‌లో సేన్ నదిలోనూ జరిగిన పోటీలు కొలత తెలిసిన నీటికి వచ్చాయి. ఎనిమిది దేశాలు కలిసి అంతర్జాతీయ ఈత సమాఖ్యను స్థాపించిందీ ఆ ఏడాది జూలైలోనే. ఆ కొలనులో 400 మీటర్లు, 1500 మీటర్లు, రిలే మూడింటిలోనూ స్వర్ణం గెలిచిన హెన్రీ టేలర్, తల్లిదండ్రులు పోయాక అన్న పెంపకంలో పెరిగిన ఓల్డమ్ ప్రాంతపు నూలుమిల్లు కార్మికుడు. మధ్యాహ్నపు విరామంలో కాలువలో, సాయంత్రాలు చాడర్టన్ స్నానశాలలో, డబ్బు చాలనప్పుడు మురికినీటి రోజున సాధన చేసినవాడు. ఒకే ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు గెలవడం మరో బ్రిటిష్ క్రీడాకారుడికి 2008లో సైక్లిస్టు క్రిస్ హోయ్ వచ్చేదాకా సాధ్యపడలేదు. టేలర్ తర్వాతి రోజుల్లో మద్యశాల కొని నష్టపోయాడు. గెలిచిన కప్పులను అమ్ముకున్నాడు. చవక రుసుము చెల్లించి ఈదిన ఆ చాడర్టన్ స్నానశాలలోనే పరిచారకుడిగా పనిచేసి 1951లో చనిపోయాడు.