పండుగాడి శస్త్రచికిత్స – కొంత చరిత్ర

మా ఇంట్లో ఒక చిన్న కుక్క ఉంది. పేరు పండు. తెల్లటి బొచ్చు, 6 కిలోల బరువు, రెండేళ్ల వయసు. మన ఊళ్లలో అందరూ పామరేనియన్ అని పిలుస్తారు గాని నిజానికి అది ఇండియన్ స్పిట్జ్ జాతి. 1994లో వచ్చిన 'హమ్ ఆప్కే హై కౌన్' సినిమాలో టఫీగా కనిపించింది ఈ జాతి కుక్కే.

గడచిన చిత్తకార్తెలో ఒక సాయంకాలం పండు గేటు సందులోంచి దూరి వీధిన పడ్డాడు. రెండు గంటలు వెతికితే పక్క కాలనీలో, ఒక కారు కింద నక్కి దొరికాడు. మెడ మీదా వెనక కాలి మీదా వీధికుక్కల పంటిగాట్లు. కుట్లు వేయించి, రేబీస్ సూదిమందు మళ్లీ ఇప్పించాం. కుట్లు విప్పిన రోజున పశువైద్యుడు, "విత్తులు తీయించెయ్యండి సార్, ఈ తిరుగుడు తగ్గుతుంది" అన్నారు.

ఇంటికొచ్చి ఈ మాట చెప్పగానే మా అమ్మ, "నోరులేని జీవంరా. దాని ఉసురు మనకెందుకు?" అంది. "ఈసారి లారీ కింద పడితే ఆ ఉసురు తగలదా అత్తయ్యా?" అంది మా ఆవిడ. ఇద్దరి మాటా న్యాయంగానే తోచింది. ఏ విషయమైనా తేలనప్పుడు దాని పూర్వాపరాలు చదవడం నాకున్న పాత జబ్బు. అలా కొన్ని వారాలు చదివినదాని సారాంశమే ఈ టపా.

ముందుగా మన భాష సంగతి. అమ్మ ఆ మాట అనడానికి కారణం ఉంది. మా తాతయ్యకు వ్యవసాయం ఉండేది. కోడెదూడ కాడికి అందివచ్చే వయసులో దానికి విత్తు కొట్టించేవారు. కాళ్లకు తాళ్లు కట్టి పడవేసి, నలుగురు అదిమిపట్టుకొని, రెండు కర్రల నడుమ బిగించి నలిపేవారు. మత్తుమందు లేదు. తరువాతి కాలంలో పశువుల ఆసుపత్రికి బర్డిజో పట్టుకారు వచ్చింది. ఇటలీ పశువైద్యుడు బర్డిజో పేరు మీద వెలసిన ఆ పనిముట్టు, చర్మం తెగకుండా లోపలి నాళాలను మాత్రం నలుపుతుంది. అప్పటికీ ఆ కోడె పెట్టిన రంకెను నేనూ విన్నాను. అమ్మ అయితే ఎన్నో విన్నది. విత్తు కొట్టడమంటే ఆమెకు ఆ రంకే.

విత్తు కొట్టిన కోడె ఎద్దవుతుంది. కొట్టనిది ఆబోతు. ఒకే జంతువుకు ఆ ఒక్క పనిని బట్టి రెండు పేర్లు. ఋగ్వేదంలో ఇంద్రవృత్రుల యుద్ధాన్ని వర్ణించే సూక్తంలోనే వృషభానికి ఎదురుగా 'వధ్రి' అనే మాట కనిపిస్తుంది. విత్తు కొట్టిన పశువని దాని అర్థం. అంటే ఈ పని మన దేశంలో అంత పాతది. కాని కుక్కకు అటువంటి రెండో పేరు తెలుగు వాడుకలో స్థిరపడలేదు. అవసరం పడలేదు కనుక. కుక్క నాగలి లాగదు, బండి లాగదు. 'అచ్చోసిన ఆంబోతు' అని తిట్టినట్టే 'చిత్తకార్తె కుక్క' అనీ తిట్టుకున్నాం గాని, ఎద్దుకు చేసినది కుక్కకు చేయాలని మన పల్లెల్లో ఎవరికీ తోచలేదు. ఈనాడు పత్రికల్లో వీధికుక్కలకు 'కు.ని. ఆపరేషన్లు' అని రాస్తున్నారు. ఆ మాటను కూడా మనుషుల కుటుంబ నియంత్రణ నుంచి అరువు తెచ్చుకోవలసి వచ్చింది.

మరి కుక్కకు చేయాలని మొదట ఎవరికి తోచింది? మొదటివారెవరో చెప్పడం సాధ్యం కాదు గాని, చాలా పాత ప్రస్తావన ఒకటి గ్రీకు రచయిత క్సెనోఫన్‌ది. క్రీ.పూ. 4వ శతాబ్దిలో, పారశీక చక్రవర్తి సైరస్ జీవితం ఆధారంగా ఆయన 'సైరోపీడియా' రచించాడు. బాబిలోను గెలిచిన తరువాత సైరస్‌కు నమ్మకమైన అంగరక్షకులు కావలసివచ్చారు. నపుంసకులైతే మేలని ఆయన ఆలోచన. దానికి జంతువుల ఉపమానం తెస్తాడు. పొగరుబోతు గుర్రం కరవడం మానుతుంది గాని యుద్ధానికి పనికిరాకుండా పోదు. ఎద్దు పొగరు తగ్గుతుంది గాని బలం తగ్గదు. కుక్క యజమానిని విడిచి పారిపోవడం మానుతుంది గాని కాపలాకూ వేటకూ తీసిపోదు.

ఇది చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది, ఆ వెంటనే ఇబ్బందిగానూ అనిపించింది. నవ్వు ఎందుకంటే, మా పశువైద్యుడు చెప్పిన మాట ఇదే. 1976లో అమెరికాలో 42 మగకుక్కలను శస్త్రచికిత్స తరువాత పరిశీలించిన ఒక అధ్యయనంలో, ఊరి మీద పడి తిరిగే అలవాటు సుమారు 90 శాతం కుక్కలలో తగ్గింది. సాటి మగకుక్కలతో కలహం, కనబడినచోటల్లా మూత్రం చల్లడం కూడా తగ్గాయి గాని అంతగా కాదు. క్సెనోఫన్ పరిశీలన ఇరవైనాలుగు శతాబ్దాల తరువాత అంకెలతో నిలిచిందన్నమాట. ఇబ్బంది ఎందుకంటే, ఆ వాక్యం కుక్క మేలు కోసం చెప్పినది కాదు. సేవకుడు అణిగిమణిగి ఉండాలంటే ఏం చేయాలన్న చర్చలో కుక్క ఒక ఉదాహరణ, అంతే.

ఇక్కడి నుంచి చరిత్రను ఒకే ప్రశ్నతో చదివాను. చేసేవాడు ఎవరి కోసం చేస్తున్నాడు?

మన దేశపు నగరాలలో ఈ ప్రశ్నకు వచ్చిన జవాబు వేరు. మద్రాసులో నగరపాలక సంస్థ వీధికుక్కలను పట్టి చంపడం 1860లో మొదలుపెట్టిందని బ్లూక్రాస్ ఆఫ్ ఇండియా వారు చెబుతారు. నూరేళ్లు చంపినా కుక్కలూ తగ్గలేదు, రేబీసూ తగ్గలేదు. కెప్టెన్ సుందరం 1959లో స్థాపించిన ఆ సంస్థ, 1964 నుంచి చంపడానికి బదులు శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టినచోటే విడవమని అడుగుతూ వచ్చింది. నగరం ఆ మాట విన్నది 1996లో. జైపూరులో ఇటువంటి పని 1994లోనే మొదలైంది. 2001లో కేంద్రప్రభుత్వం దీనినే దేశమంతటికీ నియమాలుగా చేసింది. 2023లో వాటి స్థానంలో కొత్త నియమాలు వచ్చాయి. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ పరిసరాల వీధికుక్కలన్నింటినీ ఆశ్రయాలకు తరలించమని ఆదేశించి, అదే నెల 22న విస్తృత ధర్మాసనం ద్వారా దానిని సవరించింది. రేబీస్ సోకినవీ, మీదపడి కరిచేవీ తప్ప తక్కిన వాటిని శస్త్రచికిత్స, టీకాల తరువాత పట్టినచోటనే విడవమన్నది.

వీధికుక్క విషయంలో కత్తికి ప్రత్యామ్నాయం చావు. ఆ లెక్కలో కత్తి దయే అవుతుంది. కాని ఈ వాదన పండుకు పూర్తిగా అతకదు. సంతానాన్ని కనేది ఆడకుక్క. వీధిలో పది మగకుక్కలకు తొమ్మిదింటిని ఆపినా పదోది ఉన్నంతవరకు పిల్లలు పుడుతూనే ఉంటాయి. అందుచేత 'జనాభా తగ్గించడానికి' అని నేను సంతకం పెడితే అది సగం నిజమే. మిగతా సగం, వాడు బయటపడిన ఆ రెండు గంటల్లో ఉంది.

అమెరికాలో కథ మరోలా నడిచింది. 1971లో లాస్ ఏంజెలెస్ నగరం తక్కువ ఖర్చుతో ఈ శస్త్రచికిత్సలు చేసే వైద్యశాలను తెరిచింది. 1982 నుంచి బాబ్ బార్కర్ అనే టీవీ వ్యాఖ్యాత, మీ పెంపుడు జంతువులకు ఆపరేషన్ చేయించండని చెప్పి తన కార్యక్రమాన్ని ముగించేవాడు. ఒక తరం గడిచేసరికి అది మంచి యజమాని లక్షణమైపోయింది. నార్వేలో దానికి సరిగ్గా విరుద్ధం. 2009 నాటి వారి జంతు సంక్షేమ చట్టం ప్రకారం జంతువు మేలుకో మరే ప్రత్యేక కారణానికో తప్ప దాని అవయవాన్ని తీయరాదు. అక్కడ ఇంటి కుక్కలు చాలావరకు శస్త్రచికిత్స లేకుండానే బతుకుతాయి. ఒకచోట చేయించనివాడు బాధ్యత లేనివాడు, మరొకచోట చేయించినవాడు కారణం చెప్పుకోవాలి. అయితే నార్వేలో తెరిచి ఉన్న గేటు అవతల వీధికుక్కల గుంపు కాచుకొని ఉండదు. వాళ్ల ధర్మాన్ని వాళ్ల వీధి నుంచి విడదీసి తెచ్చుకోలేం.

ఇక ఆరోగ్యం మాట. చిన్న వయసులోనే విత్తు తీసిన జంతువులు తక్కిన వాటికన్న పెద్దగా పెరుగుతాయనీ, ఎదుగుదల పూర్తయ్యాక తీస్తే అలా జరగదనీ అరిస్టాటిల్ తన జంతుశాస్త్ర గ్రంథంలో రాశాడు. ఎముకల చివర ఎదుగుదల పలకలు మూసుకోవడానికి ఆ హార్మోనులు కావాలని నేటి శాస్త్రం చెబుతోంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో హార్ట్ దంపతుల బృందం 2013లో గోల్డెన్ రిట్రీవర్లపైనా, 2020లో 35 జాతులపైనా ప్రచురించిన పరిశోధనల్లో, ఏడాది లోపు శస్త్రచికిత్స జరిగిన కొన్ని పెద్ద జాతులలో కీళ్లజబ్బులు పెరిగాయని తేలింది. చిన్న జాతులలో ఆ పెరుగుదల కనబడలేదు. రెండేళ్లు నిండిన ఆరు కిలోల పండుకు ఈ భయం లేదు.

లాభం వైపు చూస్తే వృషణాల క్యాన్సరు ఉండదు. ముసలితనంలో మగకుక్కలకు సాధారణంగా వచ్చే ప్రోస్టేటు వాపు రాదు. చిన్న జాతులలో ఒక విత్తు కడుపులోనే ఉండిపోవడం ఎక్కువ. అలా ఉంటే అది క్యాన్సరుగా మారే ముప్పు హెచ్చు గనుక తీయించడమే మంచిది. పండుకు రెండూ దిగే ఉన్నాయి. నష్టం వైపు, పిరికి కుక్క మరింత పిరికిదయ్యే అవకాశం ఉందని కొన్ని పరిశీలనలు చెబుతున్నాయి. దీపావళి నాడు మంచం కింద వణికే మావాడి విషయంలో ఇది చిన్న సంగతి కాదు. చర్మం కింద పెట్టే డెస్లోరెలిన్ గుళిక ఒకటుంది. ఐరోపాలో 2007లో అనుమతి పొందింది. ఆరు నెలలపాటు ఆపరేషన్ ఫలితాన్నే ఇచ్చి తరువాత వదిలేస్తుంది. ముందు దానితో పరీక్షించి చూద్దామనుకున్నాను గాని మా ఊళ్లో దొరకలేదు.

ఇవన్నీ ఒకరోజు రాత్రి అమ్మకు వివరంగా చెప్పాను. ఓపిగ్గా విని ఒకటే అడిగింది. "వాడికి నొప్పి తెలియకుండా చేస్తారా?"

ఈ ప్రశ్నకు మన హైదరాబాదు చరిత్రలో ఒక జవాబు ఉంది. మనుషులకు క్లోరోఫాం ఇస్తే కొందరు బల్ల మీదే ఎందుకు చనిపోతున్నారన్నది 19వ శతాబ్దపు వైద్యులకు పెద్ద చిక్కు. దానిని తేల్చడానికి రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్థిక సహాయంతో 1888లోనూ 1889లోనూ రెండు క్లోరోఫాం కమిషన్లు నడిపాడు. రెండోదానికి లండన్ 'లాన్సెట్' పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ వచ్చాడు. ప్రయోగాలకు దొరికినవి మన ఊరకుక్కలు. మరికొన్ని జంతువులు కూడా. ఎంత మోతాదుకు ఊపిరి ఆగుతుంది, గుండె ఆగుతుంది అని చచ్చేదాకా పీల్పించి చూశారు. ఊపిరి ముందు ఆగుతుంది, గుండెకు భయం లేదు, శ్వాసను కనిపెట్టుకొని ఉంటే చాలు అని తేల్చారు. 1911లో గుడ్‌మన్ లెవీ, తేలికపాటి క్లోరోఫాం మత్తులోనే గుండె ఉన్నట్టుండి లయ తప్పి ఆగిపోగలదని నిరూపించాడు. అన్ని కుక్కల ప్రాణాలు తీసి చేరిన నిర్ణయం సగం తప్పని అలా తెలిసింది.

ఇవాళ ఊపిరితోపాటు గుండెనూ కనిపెడతారు, మందులూ మారాయి. బ్రిటనులో 2002 నుంచి 2004 వరకు జరిగిన ఒక పెద్ద పరిశీలనలో, ఆరోగ్యంగా ఉన్న కుక్కలలో మత్తు వల్ల మరణించినవి సుమారు 0.05 శాతం. అయిదు కిలోల లోపు కుక్కలకు ముప్పు కాస్త ఎక్కువ. వాటి ఒంటి వేడి త్వరగా పడిపోవడం కూడా ఒక చిక్కు. అందుకని పశువైద్యుడిని మూడు ప్రశ్నలు అడిగాను. ముందు రక్తపరీక్ష చేస్తారా, మత్తులో ఉండగా గుండెను యంత్రంతో చూస్తారా, మెలకువ వచ్చేదాకా వెచ్చగా ఉంచుతారా అని. మూడింటికీ అవునన్నారు. ఇంటికి నొప్పిమందు కూడా ఇస్తామన్నారు.

తాతయ్య కోడెకు ఇవేవీ లేవు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కూడా 11వ సెక్షనులో హింసలన్నీ వరుసగా చెప్పి, నిర్ణీత పద్ధతిలో విత్తు కొట్టడం, వాతలు పెట్టడం, ముక్కుతాడు వేయడం వాటి కిందికి రావని మినహాయించింది. పొలానికి ఎద్దు కావాలి గనుక.

చివరికి చేయించాలనే నిశ్చయించాను. అయితే 'వాడి మంచికే' అన్న మాట నా నోట రాలేదు. సైరస్‌కు విధేయత కావలసివచ్చింది, తాతయ్యకు దుక్కి కావలసివచ్చింది, నగరానికి తక్కువ కుక్కలు కావలసివచ్చాయి. నాకు ఇంకో చిత్తకార్తెలో కారు కింద పండును వెతుక్కోకుండా ఉండడం కావాలి. వాడిని అడిగితే బహుశా గేటు తెరవమనేవాడు. వాడి కోరికకు విరుద్ధంగా, నా భయం కోసం, వాడు బతికి ఉండాలని ఈ పని చేయిస్తున్నాను. కారణం ఇదని ఒప్పుకుంటే గేటు సందు మూయించే బాధ్యత కూడా నాదేనని గుర్తుంటుంది. అందుకే శస్త్రచికిత్సకు ముందే మేస్త్రీని పిలిపించి ఆ సందు కట్టించాను. దీపావళికి చాలా ముందుగానే, వచ్చే నెలకు రోజు కుదుర్చుకున్నాం.

అమ్మతో ఈ మాటే చెప్పాను. కాసేపు ఊరుకుని, "మెలకువ వచ్చేసరికి తెలిసినవాళ్లు పక్కన ఉండాలి. నేనూ వస్తాను" అంది.