ముర్రుపాలు
కాన్పయిన తొలిదినములలో పాలు పడలేదని తల్లి దిగులుపడుట నేటిది కాదు. మూడవ నాల్గవ దినములకు గాని స్తన్యము ప్రవర్తిల్లదని సుశ్రుతసంహిత చెప్పి, అంతవరకు శిశువునకు తేనెను, నేతిని విధించినది. ఇంగ్లాండులోను పుట్టిన బిడ్డ నోట వెన్నయు చక్కెరయు కూరెడివారు. 1748లో విలియం కాడొగన్ అను వైద్యుడు దానిని ఖండించి, తల్లి తొలిపాలే బిడ్డ కడుపును శుభ్రపరచునని వ్రాసెను. పాలు నిండుగా వచ్చుటకు రెండుమూడు దినములు పట్టుననుట నిజమే. అంతవరకు ఏమియు లేదనుకొని ముర్రుపాలు పిండి పారబోయుటయే అనర్థము. ఆరోగ్యముగల శిశువునకు ఆ కొలది చుక్కలే చాలును. బిడ్డ చీకినకొలదియు పాలు పెరుగును. 1989లో ప్రపంచ ఆరోగ్యసంస్థయు యూనిసెఫ్‌యు పుట్టిన అరగంటలోనే పాలిప్పింప తోడ్పడుడని ప్రసూతిశాలలకు చెప్పినవి. ఇంటి పెద్దలు తేనెసీసాను ప్రక్కనుంచి, బిడ్డను రొమ్మున సరిగా పట్టించు నేర్పును బాలింతకు ఓపికతో చూపవలయునని మేము కోరెదము.