పాస్‌పోర్టు రెన్యువల్: ఒక చిన్న చరిత్ర

పరదేశంలో ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే మాట ముందు ఊరి మీదికి, తరువాత పిల్లల చదువుల మీదికి, ఆ తరువాత తప్పకుండా ఏదో ఒక కాగితం మీదికి వెళుతుంది. ఆ కాగితాల్లో హెచ్-1బి గురించీ, గ్రీన్ కార్డు గురించీ మన సావనీర్లలో చాలామందే వ్రాశారు. పాస్‌పోర్టు గురించి వ్రాసినవాళ్ళు తక్కువ. పదేళ్ళకొకసారి గుర్తుకొచ్చే వస్తువు కదా! ఫోటో తీయించుకుంటాం, ఫారం నింపుతాం, ఫీజు కట్టి పోస్టులో పంపుతాం, నాలుగు రోజులు విసుక్కుంటాం. పుస్తకం రాగానే సొరుగులో పడేసి మరిచిపోతాం. కానీ ఈ విసుగు మనకు ఊరికే రాలేదు. దాని వెనుక సుమారు నూరేళ్ళ తగవు ఉంది.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. నిజానికి ఈ రోజుల్లో 'రెన్యువల్' అనేది లేదు. గడువు తీరిన పుస్తకాన్ని రద్దు చేసి, కొత్త నంబరుతో కొత్త పుస్తకం ఇస్తారు. దాన్ని ప్రభుత్వం 'రీఇష్యూ' అంటుంది. మన నోట్లో మాత్రం పాత మాటే మిగిలిపోయింది. ఒకప్పుడు అది అక్షరాలా రెన్యువలే. 1970లలో అమెరికా వచ్చిన ఒక పెద్దాయన తన మొదటి పాస్‌పోర్టు నాకు చూపించారు. పేరు, ఊరు, ఎత్తు, కళ్ళ రంగు అన్నీ గుమాస్తా సిరాతో వ్రాసినవే. ఫోటో జిగురుతో అంటించి, దాని అంచు మీదుగా సీలు వేశారు. ఏయే దేశాలకు చెల్లుతుందో ఒక పేజీలో వరుసగా వ్రాసి ఉంది. బ్యాంకు ఎంత విదేశీ మారకం ఇచ్చిందో మరో పేజీలో ఉంది. ఎనిమిది డాలర్లతో విమానం ఎక్కామని ఆ తరం వాళ్ళు చెబితే మనం అతిశయోక్తి అనుకుంటాం గానీ, అప్పటి మారకం నిబంధనలు అలాంటివే. ఇంకో పేజీలో 'ఫలానా తేదీ వరకు పొడిగించడమైనది' అని రబ్బరు స్టాంపు, దాని కింద భారత కాన్సులేటు అధికారి సంతకం ఉన్నాయి. అదీ రెన్యువల్ అంటే. పుస్తకం అదే, మనిషి వాడే, ఆయుష్షు మాత్రం పెంచేవారు.

అంతకుముందు కాలంలో మనవాళ్ళు ఏ పుస్తకమూ లేకుండానే సముద్రాలు దాటారు. 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ కూలీలతో బయలుదేరి నవంబరు 16న డర్బన్ చేరింది. అందులోనూ, దాని వెనుక వెళ్ళిన ఓడల్లోనూ తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకు పాస్‌పోర్టు లేదు. ఓడ జాబితాలో ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, కులం, గ్రామం, ఒంటి మీద గుర్తులు ఉండేవి. మన ఎస్సెస్సీ సర్టిఫికెట్లలో పుట్టుమచ్చలు వ్రాయించుకున్నాం చూడండి, అలాగే. మనిషిని గుర్తు పట్టడానికే తప్ప, ఆ మనిషికి ఏదైనా హక్కు ఉందని చెప్పడానికి పుట్టిన కాగితం కాదది.

ఇక తూర్పు తీరం వాళ్ళకు బర్మా అసలు పరదేశమే కాదు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల పల్లెల్లో ముసలివాళ్ళు 'రంగం వెళ్ళాడు' అనేవారు. ఆ రంగం రంగూనే. కోత రోజులు అయ్యాక కాకినాడలోనో విశాఖపట్నంలోనో ఓడ ఎక్కి, రేవుల్లోనూ బియ్యం మిల్లుల్లోనూ పనిచేసి, నాలుగు డబ్బులు వెనకేసుకుని తిరిగి వచ్చేవారు. టిక్కెట్టు కొనుక్కుంటే చాలు. బర్మా అప్పట్లో బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి వేరు చేశారు. ఊరు అక్కడే ఉంది, ఓడ అదే, వెళ్ళేవాడు మాత్రం పరాయివాడయ్యాడు. 1941లో రెండు ప్రభుత్వాలూ వలసల మీద ఒప్పందం చేసుకున్నాయి. పాస్‌పోర్టు, వీసా, పర్మిట్ అన్న మాటలు కూలివాడి జీవితంలోకి అలా వచ్చాయి. ఆ సంవత్సరం ముగిసేలోపే జపాను బాంబులు పడ్డాయి. 1942లో అస్సాం దారిన నడిచి వచ్చినవాళ్ళను ఏ కాగితాలూ కాపాడలేదు.

కాగితం గొడవకు అసలు మొదలు మొదటి ప్రపంచ యుద్ధం. యుద్ధకాలపు చట్టాలతో ఇండియాలోకి రావాలన్నా, ఇండియా నుంచి పోవాలన్నా పాస్‌పోర్టు తప్పనిసరి చేశారు. యుద్ధం అయిపోయింది గానీ ఆ ఏర్పాటు పోలేదు. 1920లో ఇండియన్ పాస్‌పోర్టు చట్టం వచ్చింది. అదే ఏడాది నానాజాతి సమితి పారిస్‌లో ఒక సమావేశం పెట్టి, అన్ని దేశాలకూ ఒకే నమూనాలో 32 పేజీల పుస్తకాన్ని సిఫారసు చేసింది. ఇప్పుడు మన చేతిలో ఉన్నది దాని మునిమనవడే.

ఆ రోజుల్లో మనవాడి చేతిలో ఉన్న పుస్తకం మీద రాజముద్ర బ్రిటిష్ వారిది. ఆ పుస్తకంతో 1920లలో బోస్టన్ చేరిన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు చట్టం దృష్టిలో 'తెల్లవారు' కారు కాబట్టి పౌరసత్వానికి అనర్హులని తీర్పు చెప్పింది. అప్పటికే పౌరులైనవాళ్ళ పౌరసత్వాలు కూడా ఊడబెరకడం మొదలుపెట్టారు. 1946లో లూస్-సెల్లర్ చట్టం ఆ తలుపు తెరిచేదాకా అదే పరిస్థితి. తెరిచినప్పుడు కూడా ఏడాదికి వందమందికే చోటు. ఫోలిక్ ఆమ్లం, హెట్రజాన్, ఆరియోమైసిన్ లాంటి మందుల వెనుక నిలిచిన సుబ్బారావు గారు 1948లో అమెరికా పౌరుడు కాకుండానే కన్నుమూశారు.

ఆ తీర్పుకు బలైనవాళ్ళలో వైష్ణోదాస్ బగాయ్ కథ మనసులోంచి పోదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణం నడుపుకునే ఆయన 1921లో అమెరికా పౌరుడయ్యాడు. తీర్పు తరువాత ఆ పౌరసత్వం పోయింది. 1928లో ఇండియా వెళ్ళి చుట్టాలను చూసి రావాలనుకుంటే అమెరికా పాస్‌పోర్టు ఇవ్వలేదు. కావాలంటే బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకోమన్నారు. బ్రిటిష్ పాలన గిట్టకనే దేశం వదిలి వచ్చిన మనిషి ఆయన. ఆ పుస్తకం పట్టుకోలేక, అదే ఏడాది ఆత్మహత్య చేసుకున్నాడు. నేను ఫారం నింపేటప్పుడు 'జాతీయత' అనే గడి దగ్గరకు వస్తే ఆయన గుర్తుకు వస్తాడు.

స్వాతంత్ర్యం వచ్చాక పుస్తకం మీద మూడు సింహాల ముద్ర వచ్చింది. పుస్తకం ఎవరికి ఇవ్వాలి అన్నది మాత్రం ఇరవై ఏళ్ళపాటు అధికారుల చేతుల్లోనే ఉండిపోయింది. మన పౌరుడికి పాస్‌పోర్టు ఏ ప్రాతిపదికన ఇవ్వాలి, ఎందుకు నిరాకరించవచ్చు అని చెప్పే చట్టమే లేదు. ఇస్తే దయ, ఇవ్వకపోతే ప్రాప్తం. ఈ స్థితి మారడంలో ఒక తెలుగువాడి చేయి ఉందని మనలో చాలామందికి తెలియదు.

ఢిల్లీలో సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వ్యాపారి ఉండేవాడు. మోటారు విడిభాగాల ఎగుమతి, దిగుమతి ఆయన వ్యాపారం. తరచు విదేశాలు తిరగాలి. దిగుమతి లైసెన్సుల విషయంలో దర్యాప్తు జరుగుతోందని, పాస్‌పోర్టులు వెనక్కి ఇచ్చేయమని 1966లో ఆయనకు ఉత్తరం వచ్చింది. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. అప్పుడు ప్రధాన న్యాయమూర్తి రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు గారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడినప్పుడు దాని మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. అయిదుగురి బెంచి 1967 ఏప్రిల్ 10న తీర్పు చెప్పింది. ముగ్గురు ఒక వైపు, ఇద్దరు ఒక వైపు. ముగ్గురి తరఫున తీర్పు వ్రాసింది సుబ్బారావు గారు. విదేశాలకు వెళ్ళే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని వ్యక్తి స్వేచ్ఛలో భాగం. పాస్‌పోర్టు లేకుండా ఆ హక్కును వాడుకోవడం కుదరదు. చట్టమంటూ లేకుండా అధికారి ఇష్టం మీద దాన్ని నిరాకరించడం చెల్లదు. సారాంశం ఇది. హిదయతుల్లా, బచావత్ గార్లు ఒప్పుకోలేదు. పాస్‌పోర్టు అనేది ఒక రాజ్యం మరో రాజ్యానికి వ్రాసే రాజకీయ పత్రం, దాన్ని ఎవరూ హక్కుగా అడగలేరన్నది వాళ్ళ వాదం. తేలిగ్గా తీసిపారేసే వాదం కాదది. మొదటి పేజీలో రాష్ట్రపతి పేరుతో ఉన్న విజ్ఞప్తి చదివితే అది ఇతర దేశాలవాళ్ళను ఉద్దేశించినదే, మనల్ని కాదు.

ఒక్క ఓటు తేడా! పైగా తీర్పు చెప్పిన మరునాడే, ఏప్రిల్ 11న, సుబ్బారావు గారు పదవికి రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికలలో నిలబడ్డారు, జాకీర్ హుస్సేన్ గారి చేతిలో ఓడిపోయారు. గోలక్‌నాథ్ కేసు వల్లనో, ఆ ఎన్నిక వల్లనో ఆయన పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. నా లెక్కన ప్రవాసులకు ఆయన మిగిల్చి వెళ్ళినది ఆ చివరి రోజుల తీర్పే.

ప్రభుత్వం గబగబా మే 5న ఆర్డినెన్సు, జూన్ 24న పాస్‌పోర్టుల చట్టం తెచ్చింది. ఇప్పటికీ నడుస్తున్నది ఆ 1967 చట్టమే. నిరాకరిస్తే కారణం వ్రాతపూర్వకంగా నమోదు చెయ్యాలి, ఏయే కారణాలు చెల్లుతాయో చట్టంలోనే ఉండాలి, అప్పీలు ఉండాలి. అయితే 17వ సెక్షన్ మాత్రం మరిచిపోకూడదు: పుస్తకం ఎప్పటికీ కేంద్ర ప్రభుత్వపు ఆస్తి. హక్కు మనది, అట్ట ప్రభుత్వానిది. 1977లో మేనకా గాంధీ గారి పాస్‌పోర్టు స్వాధీనం చేసుకున్నప్పుడు ఈ తగవు మళ్ళీ కోర్టుకెక్కింది. ఆ ప్రక్రియ న్యాయంగా, సబబుగా ఉండాలని 1978 జనవరి 25న ఏడుగురి బెంచి చెప్పింది.

చట్టం అలా ఉంది, మరి ఆచరణ? విదేశాల్లో పాస్‌పోర్టు అధికారం రాయబార కార్యాలయాలది. అమెరికా ఎంత పెద్ద దేశమో, కాన్సులేట్లు అంత తక్కువ. అట్లాంటాలో 2012లో, సియాటిల్‌లో 2023లో వచ్చాయి. అంతకుముందు ఆ ప్రాంతాలవాళ్ళు హ్యూస్టన్‌కో శాన్‌ఫ్రాన్సిస్కోకో పోస్టులో పంపి, తిరుగు కవరు కోసం ఎదురుచూసేవారు. 2001 నుంచి యంత్రం చదివే పాస్‌పోర్టులు వచ్చాయి. చేతివ్రాత పుస్తకాలను 2015 నవంబరు 24 తరువాత వాడకూడదని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ గడువు పెట్టింది. 1990ల నడుమ కొందరికి ఏకంగా ఇరవై ఏళ్ళకు చెల్లే పుస్తకాలు ఇచ్చారు. గడువు ఇంకా ఉంది కదా అని ధీమాగా ఉన్న వాళ్ళంతా అప్పుడు పరుగులు తీశారు. 2018 నుంచి అమెరికాలోని కార్యాలయాలు కూడా ఇండియాలోని పాస్‌పోర్టు సేవా వ్యవస్థతో కలిశాయి. ఇక్కడ మనం బటన్ నొక్కితే అక్కడ మన ఊరి పోలీసుస్టేషనుకు కాగితం వెళుతుంది. కిందటిసారి నా కాగితం వెళ్ళినప్పుడు కానిస్టేబులు గారు మా ఇంటికి వచ్చి, మా అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, "మీవాడు మంచివాడేనా?" అని అడిగారట. "ఫోన్ చెయ్యడు గానీ మంచివాడే" అందిట మా అమ్మ.

తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా ఉన్న చిక్కు ఇంటిపేరు. మనకు ఇంటిపేరు ముందు, పేరు తరువాత. ఫారంలో సర్‌నేమ్, గివెన్ నేమ్ అని రెండు గడులు. చాలామంది పేరంతా ఒక గడిలో పెట్టి రెండోది ఖాళీగా వదిలేశారు. అమెరికా వీసా మీద ఖాళీకి బదులు 'ఎఫ్.ఎన్.యు.' అని పడుతుంది, అంటే మొదటి పేరు తెలియదని. అదే డ్రైవింగ్ లైసెన్సు మీదికి, బ్యాంకు మీదికి పాకుతుంది. లక్షణంగా బారసాల చేసి పెట్టిన పేరుండగా, ఆఫీసులో 'ఫ్నూ' అని పిలిపించుకున్న మిత్రులు నాకు ఉన్నారు. 2022 నవంబరులో యు.ఏ.ఈ. ఒకే పేరున్న పాస్‌పోర్టులకు విజిట్ వీసాపై ప్రవేశం నిలిపివేసింది. పేరును రెండు గడుల్లోకి సర్దుకోవడానికి రీఇష్యూను మించిన సమయం లేదు.

హెచ్-1బి వాళ్ళకు ఇంకో సంగతి. 2004 జూలై దాకా వీసాను దేశం దాటకుండానే, పాస్‌పోర్టును సెయింట్ లూయిస్‌కు పోస్టు చేసి పొడిగించుకునేవారు. అది ఆగిపోయింది, 2024 ఆరంభంలో రెండు నెలల ప్రయోగం మాత్రం జరిగింది. ఇప్పుడు ఇండియా వెళ్ళి స్టాంపింగు చేయించుకుని తిరిగి వచ్చేటప్పుడు విమానాశ్రయంలో అధికారి చూసేది వీసా గడువొక్కటే కాదు. పిటిషను మూడేళ్ళు ఉన్నా, పాస్‌పోర్టు ఎనిమిది నెలల్లో తీరిపోతుంటే, ఐ-94 గడువు తరచు పాస్‌పోర్టు తేదీకే కత్తిరిస్తారు. 2013 నుంచి ఆ ఐ-94 చేతికిచ్చే కాగితం కాదు, ఆన్‌లైనులో చూసుకోవాలి. చూసుకోనివాడు తెలియకుండానే స్టేటస్ తప్పుతాడు. కొత్త పుస్తకం వచ్చినంత మాత్రాన ఐ-94 దానంతటది పెరగదు. దిగిన రోజునే చూసుకోవడం, పాస్‌పోర్టు ప్రయాణానికి ముందే మార్చుకోవడం మేలు. చెల్లే వీసా ఉన్న పాత పుస్తకాన్ని పారేయకుండా రెండూ కలిపి పట్టుకెళ్ళాలి.

గల్ఫులో ఉన్న మన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ కథ వేరు. కరీంనగర్, నిజామాబాదుల నుంచి వెళ్ళిన కూలీల, కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్ళల్లో పనికి వెళ్ళిన ఆడవాళ్ళ పాస్‌పోర్టులు చాలాచోట్ల యజమాని బీరువాలో ఉంటాయి. అలా పెట్టుకోకూడదని ఆ దేశాల నిబంధనలే చెబుతున్నా సరే. గడువు తీరినా మార్చుకోవాలంటే పుస్తకం చేతిలో ఉంటే కదా! ఆ యజమానిని వదిలి బయటపడినవాళ్ళకు కాగితం లేదు. కాగితం లేనివాళ్ళకు పని లేదు, ప్రయాణమూ లేదు. యు.ఏ.ఈ.లో 2007లో, 2018లో, 2024లో, కువైట్‌లో 2018లో ఆమ్నెస్టీ ప్రకటించినప్పుడు రాయబార కార్యాలయాల ముందు బారులు తీరింది వీళ్ళే. వాళ్ళకు ఇచ్చేదాన్ని ఎమర్జెన్సీ సర్టిఫికెట్ అంటారు. మనవాళ్ళ భాషలో 'ఔట్‌పాస్'. అది కూడా 1967 చట్టం కింద ఇచ్చే ప్రయాణ పత్రమే. ఒక్క ప్రయాణానికే, అదీ ఇండియాకు మాత్రమే చెల్లుతుంది. మళ్ళీ గల్ఫు వెళ్ళాలనుకుంటే నిజామాబాదు సేవా కేంద్రంలో మొదటినుంచి అర్జీ పెట్టుకోవలసిందే.