బెజవాడ స్టేషను బయట నాలుగు గంటలు

మన అధ్యక్షఖండములో బెజవాడ స్టేషను ఎరుగనివారు అరుదు. నేడు దాని పేరు విజయవాడ జంక్షను గాని, మన పెద్దల నోట అది ఇప్పటికిని బెజవాడయే. ఏలూరు వైపు పోవలెనన్నా, బందరు పోవలెనన్నా మనవారు తరచుగా అక్కడ దిగి మరియొక బండి కొరకు కాచుకొనవలసినదే. ఆ కాచుకొను వేళలో మనము చేయు పని యేమి? పెట్టెల మీద కూర్చుందుము, టీ త్రాగుదుము, పులిహోర పొట్లము విప్పుదుము, బండి ఎప్పుడని పదిసారులు అడుగుదుము. మేమును ఇరువది యేండ్లుగా అట్లే చేసినాము.

శతవార్షికోత్సవమును పురస్కరించుకొని మా పాస్టరేటువారు దేవాలయపు గోడకు ఒక రాతి ఫలకము అమర్చదలచినారు. తెలుగు దేశమున మన సంఘమునకు పునాది వేసినవారి పేర్లు దానిపై చెక్కించవలెను. పట్టిక తయారుచేయు పని మాపై పడినది. 1841లో బందరులో పని ప్రారంభించిన రాబర్టు నోబుల్, హెన్రీ ఫాక్సు దొరల పేర్లు మొదట వ్రాసినాము. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొందిన అజరయ్య అధ్యక్షుల పేరు చివర వ్రాసినాము. నడుమ మరికొందరు రెవరెండుగార్లు. తేదీలు సరిచూచుకొనవచ్చుననియు, నోబుల్ కళాశాల కన్నులార చూడవచ్చుననియు ఇద్దరు సంఘపెద్దలను, ఒక యౌవనస్థుని వెంటబెట్టుకొని బందరు బయలుదేరినాము. జనవరి మాసము. మధ్యాహ్నము మూడింటికి బెజవాడలో దిగినాము. బందరు బండి రాత్రి ఏడింటికి. ఈసారి పెట్టెలు క్లోక్‌రూములో పడవేసి బయటికి నడిచినాము.

స్టేషనుకు పడమట, తారాపేట వైపు బయటికి వచ్చిన వెంటనే ఎదుట ఒక కొండ నిలిచియుండును. అదే గాంధీ కొండ. పట్టాల నుండి తల యెత్తి చూచినచో కనబడునంత దగ్గర. పూర్వము దీనిని ఓర్ కొండ అనెడివారు. కృష్ణానదిపై మొదటి ఆనకట్ట పని నడిపిన కెప్టెన్ చార్లెస్ ఓర్ దొరను తలపించు పేరు అది. కొండపైన 52 అడుగుల గాంధీ స్మారక స్తూపమున్నది. దానిని 1968 అక్టోబరు 6న అప్పటి రాష్ట్రపతి డాక్టరు జాకీర్ హుస్సేన్ గారు ఆవిష్కరించినారు. మా పెద్దలలో ఒకరికి మోకాళ్ళ నొప్పి. ఆయన మూడు చోట్ల కూర్చుండి ఎక్కినారు గాని, క్రిందనే ఉండిపొమ్మనగా ఒప్పుకొనలేదు.

పైకి చేరినపుడు ఆయన పడిన శ్రమ వ్యర్థము కాలేదని అందరమును అనుకొన్నాము. కాళ్ళ క్రింద స్టేషను, పది ప్లాట్‌ఫారములు, లెక్కలేని పట్టాలు. దక్షిణమున ఇంద్రకీలాద్రి, దాని అంచున కృష్ణ. నది నుండి బయలుదేరి ఊరి నడుమగా పోవు కాలువలు. ప్లాట్‌ఫారము మీద కూర్చున్నవానికి బెజవాడ అనగా పొగ, కేకలు, ఎండ. పైనుండి చూచినవానికి అది కొండలకును నీటికిని మధ్య ఇరుక్కొనియున్న ఊరు.

అక్కడ మా యౌవనస్థుడు మాకు చరిత్ర చెప్పినాడు. 1921 మార్చి 31న, ఏప్రిల్ 1న ఈ ఊరిలోనే అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశమాయెను. గాంధీగారు వచ్చిరి. అప్పుడే పింగళి వెంకయ్య గారు తాము రూపొందించిన జెండాను ఆయనకు చూపించిరి. బందరు రోడ్డుపై 1887లో పునాది వేసిన విక్టోరియా జూబిలీ మ్యూజియము ఆ సమావేశస్థలమని చెప్పుదురు. అబ్బాయి తడుముకొనకుండ చెప్పినందుకు సంతోషించి, "మరి బెజవాడకు వచ్చిన ఇంకొక వెంకయ్య గారిని ఎరుగుదువా?" అని అడిగినాము. ఎరుగడు. పెద్దల వైపు చూచినాము. వారును ఎరుగరు. జేబులోనున్న పట్టిక గుర్తుకు వచ్చినది. అందులోను ఆ పేరు లేదు. వేదాంత కళాశాలలో చదివి, పరీక్షలో ఆ వెంకయ్య గారిని గూర్చి జవాబు వ్రాసి మార్కులు తెచ్చుకొన్న మేమే వ్రాయలేదు!

కొండ దిగి వన్‌టౌను వీధుల గుండా నది వైపు నడిచినాము. ఇరుకు వీధులు, బస్తాల బండ్లు, మిరపకాయ ఘాటు. ఇంద్రకీలాద్రి పాదమున అక్కన్న మాదన్న గుహలున్నవి. అవి కుతుబ్‌షాహీ మంత్రుల పేర్లు గాని, గుహలు వారికంటె ఎన్నో వందల యేండ్లు పాతవి. కనకదుర్గ గుడికి పోవు యాత్రికులు మా ప్రక్కగా గుంపులుగా నడిచిపోవుచున్నారు. అర్జునుడు తపస్సు చేసినది ఈ కొండమీదనే అని ఒక ముసలమ్మ మాకు ఎంతో ఓపికగా చెప్పినది. విని, నమస్కరించి ముందుకు సాగినాము.

ప్రకాశం బారేజీ మీదకు వచ్చునప్పటికి ఎండ తగ్గినది. ఇక్కడ నది రెండు కొండల నడుమ ఇరుకగును. ఇవతల బెజవాడ కొండ, అవతల సీతానగరము కొండ. ఆనకట్టకు ఈ చోటు ఎన్నుకొనుటకు అదియే కారణము. ఇరుకు చోటు, చేరువలోనే కావలసినంత రాయి. దాని వెనుక ఒక ఘోరమున్నది. నందన సంవత్సరమున, అనగా 1832–33లో, వచ్చిన కరువున గుంటూరు ప్రాంతములో లక్షకు పైబడి ప్రాణులు పోయినవి. డొక్కల కరువని మన తాతలు చెప్పుకొన్నది దీనినే. నది ప్రక్కనే పారుచుండగా జనము దప్పికతో, ఆకలితో చచ్చిరి. తరువాత 1852లో పని మొదలుపెట్టి 1855లో ఆనకట్ట ముగించిరి. దాని కాలువలే కృష్ణా డెల్టాను అన్నపు గిన్నెగా మార్చినవి. ఆ ఆనకట్టకు 1952లో గండిపడగా, దాని స్థానమున బారేజీ కట్టి 1957లో తెరచిరి. ఆంధ్ర రాష్ట్ర మొదటి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిరి.

ఆనకట్ట పూర్తియై నాలుగేండ్లయిన తరువాత, 1859లో, పగోలు వెంకయ్య గారి జీవితము ఈ ఊరిలో మలుపు తిరిగినది. ఆయన రాఘవాపురము మాలపల్లెకు చెందినవారు, తనవారిలో నాయకుడు. విగ్రహములు దేవుడు కావని ఎవరో అనగా విని, పేరు తెలియని ఆ నిజ దేవునికి ఏండ్ల తరబడి తనకు తోచిన మాటలతో ప్రార్థించుచుండెను. కృష్ణలో పుణ్యస్నానముల పండుగకు బెజవాడ వచ్చినపుడు ఒక బ్రాహ్మణుని అడుగగా, ఆయన డార్లింగ్ దొర వద్దకు పొమ్మని దారి చూపినట్లు మిషను వృత్తాంతములు చెప్పుచున్నవి. దారి చూపిన ఆ బ్రాహ్మణునికిని మనము ఋణపడియున్నాము. ఆ సంవత్సరముననే వెంకయ్య గారు బాప్తిస్మము పొందిరి. తరువాత ఊరకుండక తానే పల్లె పల్లెకు తిరిగి చెప్పిరి. రాఘవాపురము సువార్తకు కేంద్రమాయెను. కృష్ణా ప్రాంతపు మాలపల్లెలలో సంఘములు లేచినవి.

బారేజీ చపటా మీద కూర్చుండి ఇదంతయు మావారికి చెప్పినాము. బందరులో నోబుల్ దొర ప్రధానముగా ఉన్నత కులముల పిల్లల కొరకు బడి నడపెను. వారు మారినయెడల దేశమంతయు మారునని తలంచెను. ఆ శ్రమను తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు. అక్కడ మారినవారు గొప్ప మూల్యము చెల్లించి మారిరి. గాని తలుపు తెరచుకొన్నది మిషనరీలు తట్టిన చోట కాదు. అపొస్తలుల కార్యములలోని ఐతియోపీయుని వలె, అడిగినవాడే ముందుగా అడిగెను. చెప్పువారు తరువాత చెప్పిరి. మన చరిత్రను మనము వ్రాసుకొనునపుడు మాత్రము చెప్పినవారి పేర్లు ఉంచి, అడిగినవాని పేరు విడిచిపెట్టినాము. మాలో చాలమంది తాతముత్తాతలు ఆయన వంటివారే. వారిని దాచిపెట్టుకొనుటలో కొంత సిగ్గు కూడ ఉన్నదని మా అనుమానము. మోకాళ్ళ నొప్పి పెద్దగారు ఈ మాటకు ఏమియు అనలేదు. చాలసేపు నీటినే చూచినారు. తరువాత, "అయ్యగారూ, ఆయన రైలులో వచ్చియుండునా?" అని అడిగినారు.

మంచి ప్రశ్న. ఆనాటికి బెజవాడకు రైలే లేదు. స్టేషను ఏర్పడినది 1888లో. నిజాము రైల్వే మన దోర్నకల్ మీదుగా ఇక్కడికి చేరినది 1889లో. కటకము వైపు దారి 1893 నుండి 1896 వరకు సాగినది. మదరాసు దారి 1899లో కలిసినది. వెంకయ్య గారు ఆ దేవుని వెదకుచు వచ్చిన ముప్పది యేండ్ల తరువాత గాని ఇక్కడ ఇంజను కూత వినబడలేదు. "అయితే మన కంటె ముందే, మన కంటె ఎక్కువే నడిచినాడన్నమాట" అని పెద్దగారు లేచి నిలువబడినారు. తిరుగు దారిలో ఆయన ఎక్కడను కూర్చుండలేదు.

కాలువ గట్టున చీకటి పడుచుండగా స్టేషను చేరినాము. బందరు బండి అరగంట ఆలస్యమని చెప్పినారు. బల్ల మీద పట్టిక విప్పి, నోబుల్, ఫాక్సు దొరల పేర్ల పైభాగమున ఉన్న కొద్దిపాటి ఖాళీలో పగోలు వెంకయ్య అని వ్రాసినాము. యౌవనస్థుడు తొంగిచూచి, పేరు చివర గారు అని ఉండవలెనా, రాయి కొలతకు అక్షరములు ఎక్కువగునేమో అన్నాడు.

"దొరలకందరికి రెవరెండు ఉన్నది గదా, వ్రాయండి అయ్యగారూ," అన్నారు పెద్దగారు.

వ్రాసినాము.