నాలందా మహావిహారము: కట్టడముల వృద్ధిక్రమము

నాలందా విద్యాస్థానమును ఒక రాజు కట్టించెననియు, ఒక శత్రువు ఒక్కనాఁడు కాల్చెననియు సంగ్రహముగాఁ జెప్పుట లోకమునఁ గలదు. ఈ మాట జ్ఞాపకముంచుకొనుటకు సులభమే కాని, అచ్చటి యిటుకలును శాసనములును దీని నంగీకరింపవు.

5వ శతాబ్ది మొదట మగధమును జూచిన ఫాహియాను ఆ ప్రాంతమున శారిపుత్రుని స్తూపమును బేర్కొనెనే కాని మహావిహారమును బేర్కొనలేదు. 7వ శతాబ్దిలో వచ్చిన హ్యూన్‌త్సాంగు శక్రాదిత్యుఁడు, బుద్ధగుప్తుఁడు, తథాగతగుప్తుఁడు, బాలాదిత్యుఁడు, వజ్రుఁడు అను రాజు లొకరి వెనుక నొకరు విహారములు గట్టించిరని వ్రాసెను. ఈ శక్రాదిత్యుఁడు గుప్తవంశీయుఁడగు మొదటి కుమారగుప్తుఁడని పెక్కుమంది పండితుల యభిప్రాయము. కుమారగుప్తునకు మహేంద్రాదిత్యుఁడను బిరుద ముండుటయు, శక్రమహేంద్రశబ్దములు పర్యాయము లగుటయు దీనికి హేతువులు.

1915 మొదలు 1937 వఱకు జరిగిన త్రవ్వకములు ఈ క్రమమునే బలపఱచినవి. తూర్పున విహారముల వరుసయు, పడమట ఆలయముల వరుసయు, నడుమ విశాలమైన బాటయు బయల్పడెను. విహారమునకు నడుమ ముంగిలి, చుట్టును పంచ, దానివెనుక భిక్షువుల గదులు గలవు. మూఁడవ యాలయము ఒకదానిపై నొకటిగా ఏడుమాఱులు కట్టఁబడెను. మొదటి విహారమున తొమ్మిది యంతరువులు గానవచ్చినవి. పాతగోడయే క్రొత్తగోడకుఁ బునాది యయ్యెను.

అగ్నిభయమును అచ్చట నొక్కమాఱు గలిగినది కాదు. పాలవంశపు రాజగు మహీపాలుని 11వ రాజ్యసంవత్సరమునాఁటి శిలాశాసనము అగ్నిదగ్ధమైన కట్టడము నుద్ధరించుటను దెలుపుచున్నది. కాలుటయు మరల నిలుచుటయు ఆ స్థానమునకుఁ గొత్తగావు.

ఈ యుద్ధరణమునకు ధన మెక్కడిది? 7వ శతాబ్ది తుదిపాదమున నచ్చటఁ జదివిన ఇత్సింగు, రాజులు తరతరములుగా నిచ్చిన 200లకుఁ బైఁబడిన గ్రామములు విహారమునకుఁ గలవని చెప్పెను. 1921లో మొదటి విహారమున దొరకిన దేవపాలుని తామ్రశాసనము (9వ శతాబ్ది) సువర్ణద్వీపాధిపతియగు బాలపుత్రదేవుని ప్రార్థనపై 5 గ్రామము లిచ్చిన విషయమును దెలుపును. భిక్షువుల యన్నవస్త్రౌషధములతోఁ బాటు గ్రంథలేఖనమును, ఖండస్ఫుటితసమాధానమును దాన ప్రయోజనములుగా నందుఁ బేర్కొనఁబడినవి. మన తెలుగు దేవాలయశాసనములయందు ఖండస్ఫుటితజీర్ణోద్ధారమను మాటను జదివినవారి కీ పద్ధతి యపరిచితము గాదు. కట్టించినవాఁడే దాని శైథిల్యమును ముందుగా నూహించి, మరమ్మతునకు వృత్తి నేర్పఱచుట ప్రాచీనుల ధర్మము.

ఇఁక విద్యనుగూర్చి యొకమాట. ఎనిమిదేండ్ల బాలుఁడు పాణినిసూత్రములను ఎనిమిది మాసములలో వల్లించుననియు, తరువాత వృత్తిసూత్రము నైదేండ్లు పఠించి, హేతువిద్యాదుల నభ్యసించినవారే నాలందకుఁ గాని వలభికిఁ గాని పోవుదురనియు ఇత్సింగు చెప్పెను. కావున నా ద్వారమునకు వ్యాకరణమే సోపానము.

1234-36 నడుమ మగధమునకు వచ్చిన టిబెట్టు భిక్షువు ధర్మస్వామి తురుష్కుల దాడులచే శిథిలమైన నాలందనే చూచెను. విహారములు పెక్కులు పాడుపడియుండెను. అయినను తొంబదియేండ్లు దాఁటిన రాహులశ్రీభద్రుఁడు 70 మంది శిష్యులకు వ్యాకరణము చెప్పుచుండెను. గురువును శిష్యులును మిగిలిరి. గోడల నుద్ధరించు రాజును గ్రామములును మిగులలేదు. నాలందా పతనమునకు అగ్ని యొక్కటియే కారణ మనుట చాలదు. పూర్వము కాలినపుడెల్ల దానిని మరల నిలిపిన పోషణ తెగిపోవుటను గూడఁ జరిత్రకారులు కారణములలో లెక్కింపవలయును.